ఎడమవైపు నవ్వు

“నరం లేని నాలుక నాది, నరం కలిపిన బుగ్గ నీది. జోడీ కుదిరింది కదూ?” అన్నాడు కళ్లజోళ్ల షాపాయన.

పక్క కుర్చీలో భార్య నేలచూపులు చూస్తోంది. ప్లాస్టిక్ సర్జరీ విభాగం బయట కుర్చీలన్నీ నిండిపోయాయి. కాలిన చేతికి కొత్త చర్మం వేయించుకున్న వంటాయన, చీలిన పెదవి కుట్టించుకున్న పసిపాప, ఆ పాపని ఒళ్లో ఊపుతున్న నాన్న. అందరికీ ఈయన జోకులు ఉచితం.

“ఇక చాలండీ,” అంది భార్య.

“ఎలా చాలుతుందోయ్?”

చెవి దగ్గర గడ్డ తీసినప్పుడు ఆమె ముఖంలో ఎడమ సగం చచ్చుబడింది. మొదట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత నవ్వడమే మానేసింది. డాక్టరమ్మ తొడలోంచి కాస్త కండ తీసి బుగ్గలో అమర్చి, నరానికి కలిపింది. “నెలలు పడుతుంది. మేలుకుంటే మన అదృష్టం,” అంది. మేలుకొలుపు పాడే పని ఈయన నెత్తినేసుకున్నాడు. ఆ మొదటి నవ్వు తన జోకుకే రావాలి.

“తొడ కండ బుగ్గకెక్కిందిగా. ఇకమీద నాతో పోట్లాటకి నువ్వు తొడ కొట్టక్కర్లేదు, బుగ్గ కొట్టుకుంటే చాలు.”

ఆమె ఆయన వంక చూసింది. ఎడమ పెదవి చివర సన్నగా వణికి, పైకి లేచింది.

ఆయన గుండె గంతేసింది. “ఉండు, ఉండు, కదలకు. ప్లాస్టిక్ సర్జరీ అనగానే నిన్ను బకెట్ చేసి పంపిస్తారేమో, నేను హ్యాండిల్ చెయ్యగలనా అని హడలిపోయాను తెలుసా?”

పెదవి ఇంకాస్త లేచింది. కుడివైపు మాత్రం కదల్లేదు. ఇన్నాళ్లూ ముఖమంతటినీ ఒంటిచేత్తో లాక్కొచ్చింది, సెలవు పెట్టిందిలే అనుకున్నాడు.

వంటాయన లేచి నిలబడ్డాడు. “వచ్చిందండీ, నేనూ చూశాను. ఇంకోటి వదలండి.”

ఇంకోటి వదిలాడు. ఆపైన మరోటి. ప్రతిదానికీ పెదవి లేచింది. కళ్లజోడు తడిసిపోయి ఆయనకి దారి కనబడ్డం లేదు. పిలుపు రాకముందే భార్య చెయ్యి పట్టుకుని గదిలోకి దూసుకెళ్లాడు.

“నవ్వింది డాక్టరమ్మా. నా జోకులకి వరసపెట్టి నవ్వింది!”

డాక్టరమ్మ ఆమె బుగ్గ మీద వేలు ఆనించి చూసింది. ముఖం వెలిగిపోయింది. “కండ మేలుకుంది. మనం గెలిచాం. కాకపోతే నవ్వే నరం గడ్డతోపాటే పోయింది కదా, నేను దీన్ని నమిలే నరానికి కలిపాను.”

“అంటే?”

“ఈవిడ పళ్లు పటపట కొరికినప్పుడే ఆ పెదవి లేస్తుంది.”