జ్వరం తగ్గాక

"మళ్ళీ వచ్చాడు మేడమ్, మీ లింకు తాత," అన్నాడు వాచ్‌మన్ తలుపు సందులోంచి తొంగిచూసి.

మేడమ్‌కు ఒళ్ళు మండింది.

పిల్లల ఆసుపత్రి వెబ్‌సైట్ బాధ్యత ఆవిడది. మేడమీద చిన్న గది, రెండు కంప్యూటర్లు, ఎప్పటికీ తెమలని పని. కొత్త భవనం ఫొటోలు మొదటి పేజీకి ఎక్కించాలి. వాటి మధ్య డైరెక్టర్‌గారి ముఖం ఇంకాస్త పెద్దగా కనబడాలి. ఈ హడావుడిలో చెవిలో జోరీగలా ఈ తాత ఒకడు.

తాత లోపలికొచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో అద్దం పగిలిన ఫోను. కూర్చోమన్నా కూర్చోడు.

"అమ్మా, ఆ దోమకాటు జ్వరం పేజీ ఉంది చూడండి..."

"మా సైట్‌లో అందరూ చదివేది అదే తాతగారూ. ఏంటి ఇప్పుడు?"

"దాని కింద ఒక్క లింకు పెట్టండమ్మా. 'జ్వరం తగ్గాక గమనించాల్సినవి' అని ఇంకో పేజీ ఉందిగా, దానికి."

"అదీ సైట్‌లోనే ఉందిగా!"

"ఉందమ్మా. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళే దారే లేదు."

"కావలసినవాళ్ళు వెతుక్కుంటారు."

"ఉందని తెలిస్తే కదమ్మా వెతకడం? జ్వరం తగ్గిందంటే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు గానీ..."

చేతిలోని ఫోను వైపు చూశాడు.

మేడమ్‌కు సంగతి అర్థమైపోయింది. అర్థమైపోయిందనుకుంది.

"ఆ పేజీ మీరు రాసిందేనా? రిటైరైన డాక్టరా మీరు? మీరు రాసింది నలుగురూ చదవాలని మీ తాపత్రయం, అంతేగా?"

"రాయలేదమ్మా," అన్నాడు తాత. "చదివానంతే."

"చదివినవాళ్ళంతా ఇలా మేడెక్కి వస్తే, ఇక నేను పని చేసినట్టే!"

తాత చేతులు జోడించి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. అదే చొక్కా, అదే మాట.

మేడమ్ వాచ్‌మన్‌ను పిలిచింది. "ఇంకోసారి ఆయన్ని పైకి పంపావంటే ఊరుకోను."

జోరీగ వదిలింది. ఫొటోలు ఎక్కాయి. డైరెక్టర్‌గారు మొదటి పేజీ నిండా వెలిగిపోయారు.

వానలు పడ్డాయి. జ్వరాలు మొదలయ్యాయి. సైట్ ఎలా ఉందో చూసి చెప్పడానికి బయటి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది.

"ఈ పేజీకి ఎవరూ రావట్లేదేంటండీ?" అని తెరమీద వేలు పెట్టింది ఆ అమ్మాయి. 'జ్వరం తగ్గాక గమనించాల్సినవి.'

"ఏమో మరి. డాక్టర్లు బాగానే రాశారే!"

"రాస్తే సరిపోతుందా? గది కట్టి తలుపు పెట్టడం మర్చిపోయారు. మీ సైట్‌లో ఏ పేజీలోంచీ దీనికి దారి లేదు. మీరే పట్టించుకోని పేజీని సెర్చ్ ఇంజన్ మాత్రం ఎందుకు పట్టించుకుంటుంది? అందరూ చదివే జ్వరం పేజీ కింద ఒక్క లింకు పెట్టండి. జనమూ వస్తారు, వెతికినప్పుడు పేజీ పైకీ వస్తుంది."

ఒక్క లింకు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంది మేడమ్. ఎక్కడ విన్నదో గుర్తొచ్చాక సిగ్గేసింది.

లింకు పెట్టడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పెడుతూ ఆ పేజీని మొదటిసారి చదివింది.

'జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి. అసలు ప్రమాదం అప్పుడే మొదలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చల్లబడిన చేతులు కనబడితే వెంటనే తీసుకురండి.'

కొద్దిరోజుల తర్వాత కింద వార్డు మీదుగా పోతుంటే ఒక తల్లి హెడ్ నర్సుతో చెప్పే మాటలు మేడమ్ చెవిన పడ్డాయి.

"జ్వరం తగ్గింది కదా, పడుకోనిద్దాం అనుకున్నానక్కా. ఫోన్లో ఆ పేజీ కింద నీలం అక్షరాలుంటే ఊరికే నొక్కాను. చదివి, ఉన్నపళంగా ఎత్తుకొచ్చేశాను."

మంచం మీద ఆమె కూతురు బిస్కెట్ కోసం పేచీ పెడుతోంది.

ఈ మాట తాతకు చెప్పి తీరాలనిపించింది మేడమ్‌కు. గబగబా గేటు దగ్గరున్న వాచ్‌మన్ దగ్గరికి నడిచింది.

"ఆ తాతగారు మళ్ళీ వచ్చారా?"

"రాకేం మేడమ్! మీరు పంపొద్దన్నారుగా, ఆ గోడ పక్కన నిలబడి ఫోను చూసుకుని వెళ్ళేవాడు. మొన్న చూసి కళ్ళు తుడుచుకున్నాడు. 'పెట్టారు బాబూ, ఇక నాకిక్కడ పనిలేదు, అమ్మగారికి నా దండాలు చెప్పు' అన్నాడు. కూతురితో వేరే ఊరు వెళ్ళిపోతున్నాడట."

"ఏ ఊరు?"

"చెప్పలేదండీ. నేనూ అడగలేదు."

మేడమ్ పైకి రానివ్వొద్దన్న మనిషే ఆమెకు దండాలు పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

వెనక్కి వెళ్ళి హెడ్ నర్సును పట్టుకుంది.

"సిస్టర్, అద్దం పగిలిన ఫోనుతో ఒక తాతగారు వచ్చేవారు. ఎవరో డాక్టరు అనుకుంటా. మీకేమైనా తెలుసా?"

నర్సు మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది.

"డాక్టరేంటమ్మా! పోయిన వానాకాలం మనవణ్ణి ఇక్కడికే తెచ్చారు. మన జ్వరం పేజీలో ఉన్నవన్నీ తు.చ. తప్పకుండా చేశారట పాపం. జ్వరం తగ్గిందని ఇంట్లోనే ఉంచుకున్నారు. తెచ్చేసరికే చెయ్యి దాటిపోయింది."

"మరి ఆ రెండో పేజీ... చదివానన్నారే నాతో!"

"చదివారమ్మా," అంది నర్సు. "మనవణ్ణి మట్టిచేసి ఇంటికెళ్ళాక."