తొలి అయిదొందల కిలోమీటర్లు

“నువ్వు ఎక్కకు. ఇంజను మొత్తం విప్పి కొత్తగా బిగించాను. మొదటి అయిదొందల కిలోమీటర్లు బరువు పడకూడదు,” అన్నాడు మెకానిక్, పాత కారు పక్కన ముస్తాబై నిలబడ్డ పెళ్లాంతో.

ఆమెకు ఒళ్లు మండింది. రెండేళ్ల ఆదివారాలన్నీ ఈ ముసలి సవతికే ధారపోశాడు. తీరా ఇప్పుడు తను బరువైపోయింది!

“ఒక్కరే ఎక్కాలా?”

“ఒక్కరే. నలభై దాటకూడదు. ఒకే వేగంలోనూ పోకూడదు. పెంచుతూ, తగ్గిస్తూ, బుజ్జగిస్తూ నడపాలి.”

“నన్నెప్పుడైనా ఇలా బుజ్జగించారా?” అంటూ తాళం లాక్కుని స్టీరింగు ముందు కూర్చుంది. “మీకంటే నేనే తేలిక. మీరుండండి.”

ఊరి చివరి వంతెన దాకా దాన్ని తిట్టుకుంటూనే వెళ్లింది. వంతెన దిగుతూ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యగానే, ఇంజను గొంతు తగ్గించి, చెప్పిన మాట విన్నట్టు కూనిరాగం తీసింది. ఆమె నోట్లో తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

గంట తర్వాత వచ్చేసరికి ఆయన గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఎలా ఉంది? పొగ వచ్చిందా? తలుపు తియ్యి, నేనూ ఎక్కుతా!”

ఆమె అద్దం సగమే దించింది.

“బరువు పడకూడదండీ,” అంది, స్టీరింగు నిమురుతూ. “ఇంకా నాలుగొందల డెబ్భై ఉంది.”