యముడు ఇంట్లో లేడు

ఆక్సిజన్ మాస్కు కింద కళ్ళు మూసుకుని పడుకున్న తండ్రి గోపాలం చెవికి అనిల్ ఫోను ఆనించాడు. అందులో స్వామీజీ హిందీలో కఠోపనిషత్తు చెబుతున్నారు.

"నచికేతుడు వెళ్ళేసరికి యముడు ఇంట్లో లేడు. అంటే ఏమిటి? మృత్యువు గుమ్మం దాకా ధైర్యంగా వెళ్ళి చూడండి. లోపల ఎవరూ ఉండరు!"

"తరవాత వచ్చీసేడు కదేటి?" అంది ఇంద్రాణి, మంచం పక్క స్టూలు మీంచి.

"అమ్మా, ప్లీజ్! నాన్నని విననియ్యి." భిలాయిలో పుట్టి పెరిగిన వాడికి కంగారులో హిందీయే ముందొస్తుంది. "సున్ రహే హో నా, నాన్నా? వింటున్నావు కదా? డర్నా నహీ, భయపడకు."

గోపాలం చెవి మిషను ఇంద్రాణి గుప్పిట్లో ఉంది. మాస్కు పట్టీకి అడ్డమని పొద్దున అనిల్ రాకముందే నర్సు తీసి ఆమెకిచ్చింది. స్టీలు ప్లాంటు రోలింగు మిల్లు మోతలో ఉద్యోగమంతా గడిపిన మనిషికి అది లేకపోతే పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఆ సంగతి చెబుదామని ఆమె నోరు తెరిచింది.

"డాక్టరుగారు ఇంక చేసేదేం లేదన్నారమ్మా," అన్నాడు అనిల్. "ఇది వింటే నాన్నకి భయం పోతుంది కదా?"

గోపాలం ముఖంలో ఏ కదలికా లేదు. స్వామీజీ ప్రతి మాటకీ తలాడిస్తున్నది అనిలే.

ఇంద్రాణి గుప్పిట మరింత బిగించింది.

"పోద్దిరా బాబూ," అంది. "కూసింత సౌండు పెంచు."