వేట లేని నెల

కారు తాళంచెవి తిరగలేదు.

కిషోర్ బాబు బలమంతా పెట్టి చూశాడు. చెవి కొంచెం కదిలి మళ్లీ బిగుసుకుపోయింది. లాగితే ఊడి రావడమూ లేదు.

సముద్రపు ఒడ్డు గుళ్లో పాపకు పుట్టువెంట్రుకలు తీయించి, భార్యాభర్తలు బోగోలు వైపు తిరిగి వస్తున్నారు. రొయ్యల గుంటల మధ్య, మే నెల ఎండకు ఇంజను ఉడికిపోయి కారు ఆగింది.

అతను దిగి బానెట్ ఎత్తాడు. ఫోనుకు సిగ్నలు దొరుకుతుందేమోనని వినీల కూడా దిగింది. వెనక సీట్లో పాప నిద్రపోతోంది.

వడగాలి విసురుకు, తెరిచి ఉంచిన తలుపు ధడాలున మూసుకుంది.

పాప లేచి ముందు సీట్లోకి పాకింది. చేతికందిన బటను నొక్కింది.

నాలుగు తలుపులూ టక్కున బిగుసుకున్నాయి. తాళంచెవి లోపల. పాప లోపల. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి.

"అదే బటను మళ్లీ నొక్కు తల్లీ! అదే, అదే!" అద్దం మీద కొడుతూ అరిచింది వినీల.

పాప ఏడ్చింది. గుండుకు రాసిన చందనం చెమటకు కరిగి కళ్లలోకి దిగుతోంది.

కిషోర్ బాబు రాయి తీసుకున్నాడు. అతను ఏ అద్దం దగ్గరికి పోతే, పాప ఆ అద్దానికే ముఖం ఆనిస్తోంది. చెయ్యి ఆడలేదు.

అప్పుడు వచ్చింది మోపెడ్. వెనక గోనెపట్టాల్లో చుట్టిన రెండు ఐసు దిమ్మలు.

బండి మీది ముసలాయన ఎవరినీ ఏమీ అడగలేదు.

"అబ్బయ్యా, నువ్వు అవతల పక్కకు పో. నేను చెప్పినప్పుడు కొట్టు."

తువ్వాలు ముఖానికి కప్పుకుని, ఇవతలి అద్దం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"తాత యాడ? తాత లేడే... ఇదో తాత!"

పాప ఏడుపు ఆపింది.

"మళ్లా పోయినాడే తాత! యాడికి పోయినాడబ్బా?"

పాప ఆయన వైపు పాకింది. ఆయన కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఎండకేమో అనుకుంది వినీల. బుగ్గలు పూరించి, కళ్లు తిప్పి, నాలుక బయటపెట్టాడు. అంత సెగలోనూ పాప కిలకిలా నవ్వింది.

"కొట్టు!"

అద్దం పగిలింది.

బయటికి తీసేసరికి పాప ఒళ్లు పెనంలా కాలుతోంది. చూస్తుండగానే మెడ వాలిపోయింది.

ముసలాయన ఒక దిమ్మను రోడ్డు మీద పగలగొట్టాడు. ముక్కలు తువ్వాల్లో మూటగట్టి పాప చంకల్లో పెట్టాడు, అరికాళ్లకు అద్దాడు.

రెండో దిమ్మ దించి మోపెడ్ ఖాళీ చేశాడు.

"ఎక్కమ్మా, బిట్రగుంట ఆసుపత్రికి పోదాం. అబ్బయ్యా, దీన్ని కారు నీడన పెట్టు. ఎండ తగలనీబాక."

దోవలో ఆయన ఫోను రెండుసార్లు మోగింది.

"వస్తా ఉండా. నేనొచ్చిందాకా ఆగండి," అన్నాడు రెండుసార్లూ.

చేపల బేరగాళ్లు తొందర పెడుతున్నారు కాబోలు అనుకుంది వినీల.

సెలైను ఎక్కాక పాప కళ్లు తెరిచింది.

"ఐసు ఎవరు పెట్టారమ్మా? మంచి పని చేశారు," అంది డాక్టరు.

అంతలో కిషోర్ బాబు పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాపను తడిమి చూసుకున్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

"కారు నడిచింది వినీ! ఐసు పగలగొట్టి తాళం చుట్టూ పెట్టా, ఇంజను మీద పెట్టా. చల్లబడేసరికి చెవి తిరిగింది."

ముసలాయన బెంచీ మీంచి లేచాడు.

"అంతా వాడేసినావా నాయనా?"

"పాప దగ్గరికి రావాలన్న ఆత్రం పెద్దాయనా. చేపలకే కదా, ఈ ఒక్క పూటకి..."

ఆయన కిటికీలోంచి ఎండను చూశాడు. తర్వాత పాప అరికాలును వేలితో మెల్లగా తాకాడు.

"పోనీలే. బిడ్డ కళ్లు తెరిచింది."

"మీ పేరేంటి పెద్దాయనా?" అంది వినీల.

"ముత్యాలయ్య అంటారమ్మా. పాలెం మాది." అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

పాప తేరుకున్నాక ముగ్గురూ పళ్లు తీసుకుని జాలర్ల పాలెం వెళ్లారు. మొదటి ఇంటి ముందు రాఘవమ్మ అనే ఆవిడ వల బాగుచేసుకుంటోంది.

"ముత్యాలయ్య గారి ఇల్లెక్కడక్కా? మొన్న చేపల కోసం ఐసు తీసుకెళ్తూ..."

"చేపలేందమ్మా? వేట ఆపేసి నెలయింది. ఎండాకాలం సర్కారోళ్లు వేటకు పోనియ్యరు గదా. పడవలన్నీ గట్టునే ఉండాయి చూడు."

"మరి ఆ ఐసు?"

"ఆయన పెళ్లాం కామమ్మకు. దానికి ముందురోజు పొద్దుగూకేటప్పుడు పోయింది పాపం. కొడుకు చిన్నబాబు మంగుళూరు పడవల్లో పనికి పోయినాడు. మర్నాడు రాత్రికల్లా వస్తానన్నాడు, అంతదాకా ఉంచుదామనుకున్నాం. ఫ్రీజరు పెట్టె దొరకలా. వేట లేదని ఈడ ఐసు ఫ్యాక్టరీ మూసేసినారు. కావలి దాకా పోయి బతిమాలి తెచ్చుకున్నాడు."

వినీల పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"తీరా చూస్తే ఒట్టి గోనెపట్టాలతో వచ్చినాడు. ఆ ఎండకు ఎంతసేపని ఉంచుతామమ్మా? పొద్దుండగానే పూడ్చేసినాం. పిల్లోడు రైలు దిగొచ్చి, అమ్మ మొగం కూడా చూడనియ్యలేదు గదా అని తండ్రిని అనరాని మాటలన్నాడు. ఈ పొద్దు తెల్లారే తిరిగి పోయినాడు. పోయేటప్పుడు కూడా నాయనతో పలకలా."

కిషోర్ బాబు పళ్ల సంచీ ఇసుకలో దించాడు.

"ఐసు ఏం చేసినావని కొడుకు పట్టుకుని ఊపేసినా, దోవలో కరిగిపోయింది అబ్బయ్యా అన్నాడే గాని, ఇంకో మాట అనలేదమ్మా ఆ మనిషి."