పదింటిలో రెండు

రిహార్సల్ ముగిసి అందరూ వెళ్లిపోయినా, లైట్ల కంప్యూటర్ చూసే అమ్మాయి మాత్రం ఖాళీ హాల్లో వెనక వరసలో కూర్చునే ఉంది. ఆమె పంపే సందేశాలు పై గదిలోని సౌండ్ కంప్యూటర్‌కు చేరితేనే రేపటి నాటకంలో మెరుపుతో పాటు ఉరుము వినిపిస్తుంది. పదింటిలో రెండు దారిలోనే గల్లంతవుతున్నాయి.

కిందటేడు చనిపోయేదాకా ఆ పై గదిలో సౌండ్ చూసుకున్నది మావయ్యే. హెడ్‌ఫోన్‌లో ఈమె మాట వినగానే గొంతు సవరించుకుని, "అందిందే పిల్లా" అనేవాడు. "చెప్పడం ఎవడైనా చెబుతాడు. అవతలివాడికి అందిందా లేదా కనుక్కో. అదీ పని" అని నూరిపోసేవాడు.

అందుకే జవాబు వచ్చేదాకా అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపేలా ప్రోగ్రాం రాసింది. పది పంపితే ఎనిమిది సందేశాలకు "అందింది" అని వచ్చింది. మిగతా రెండింటికీ ఎంతకీ రాలేదు. ప్రోగ్రాం ఆపడం మరిచిపోయి పైకెళ్లి చూసింది. రెండు కంప్యూటర్లనూ కలిపే వైరు ఒక్కటే. దాని కొస విరిగి ఊగుతోంది.

"నీ దుంప తెగ, నువ్వా!" అని నవ్వుకుంటూ దాన్ని పీకి, చేతికి చుట్టుకుంటూ తన సీటు దాకా వచ్చింది.

ఆమె కూర్చోగానే తెర మీద మిగతా రెండింటికీ "అందింది" అని వచ్చింది. పదీ అందాయి.

ఒళ్లో ఉన్న వైరు వంక చూసుకుంది. భయపడాల్సింది పోయి, ఎందుకో కళ్లు చెమర్చాయి.

"మావయ్యా?" అంది చిన్నగా, ఖాళీ హాల్లోకి.

మావయ్యతో మాట్లాడిన ఆ పాత హెడ్‌ఫోన్, ఏడాదిగా ఎవరూ ముట్టనిది, ఆమె వెనక గోడకు వేలాడుతోంది. అందులో ఎవరో గొంతు సవరించుకున్నారు.