పొలిమేరలో పెట్టె

పొలిమేరలో పెట్టె కనబడగానే గురమ్మ గుండె జారిపోయింది.

పక్క ఊళ్ళో ఆవులకి ఒళ్ళంతా ముద్దలు లేచి, వరసగా చచ్చిపోతున్నాయి. అందుకే గురమ్మ ఊరివాళ్ళు ఊరు కట్టేశారు. దారికి అడ్డంగా వేపాకు తోరణం. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పొలిమేరలో ఎవరైనా ఏదైనా వదిలిపెట్టి పోయారంటే, వాళ్ళ జబ్బు మన నెత్తిన రుద్దడానికే. తాతలనాటి నుంచీ అంతే.

ఆపైన ఫోన్లలో వీడియో ఒకటి. శత్రువులు మశూచి జాతి క్రిముల్ని సీసాల్లో నింపి ఊళ్ళ మీదికి వదులుతున్నారట! చూసినప్పటినుంచి ఎవరికీ అన్నం సయించడం లేదు.

గురమ్మకి ఉన్నది ఒక్కటే ఆవు. మొగుడు పోయాక దాని పాలతోనే ఇల్లు గడుస్తోంది. కూతురు ఝాన్సీ చదువూ దానిమీదే.

"వదినా, సెయ్యెట్టకు!" మరిది కూర్మయ్య పరిగెత్తుకొచ్చాడు. కర్రతో మూత లేపాడు. కరుగుతున్న ఐసుముక్కల మధ్య చిన్న చిన్న సీసాలు.

"ఒలే ఝాన్సీ, ఏటి రాసున్నాదో సూడే," అంది గురమ్మ.

తడికి సీసాల మీది కాగితాలు సగం ఊడిపోయాయి. ఝాన్సీ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని వంగింది. చదివి, ఒక్క గెంతు వెనక్కి గెంతింది.

"అమ్మా! మేకల మశూచి వైరస్సట! బతికున్నదేనట!"

"నానప్పుడే సెప్పాను కాదేటి!" కూర్మయ్య కర్రతో మూత మళ్ళీ మూసేశాడు. "ఆ ఈడియో నిజిమే!"

"ఓలమ్మో, ఇంకా సూస్తారేటి? కాల్సీండి!" అని అరిచింది గురమ్మ.

ఇంకెవరూ కదిలేలోపే తనే గడ్డిమోపు తెచ్చి పెట్టె మీద పడేసింది. కూర్మయ్య బండిలోంచి పెట్రోలు తీశాడు. మంట లేచింది. లోపల సీసాలు టప్పుటప్పుమంటుంటే గురమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. ఒక్కటి కూడా మిగల్లేదని కర్రతో కెలికి చూసుకున్నాకే కదిలింది.

ఇంటికొచ్చి తలారా స్నానం చేసింది. ఆవు మెడ కౌగిలించుకుని ఏడ్చేసింది.

"బతికిపోనావే తల్లీ!"

ఫోను మోగింది. పశువుల డాక్టరు.

"గురమ్మా, నేను బయల్దేరాను. ఊరు కట్టేశారని మా వాడు తోరణం దాటలేదంట, పెట్టె పొలిమేరలోనే పెట్టొచ్చాడు. మేకల మశూచీ, ఆవుల ముద్దజబ్బూ ఒకే కుటుంబం గనక ఆ సీసాలే మీ ఆవులకి టీకా, ఇక దొరకవు, నేనొచ్చేదాకా ఎండ తగలకుండా చూడమ్మా."