చప్పుళ్ల పుస్తకం

అబద్ధం నా నోట పుట్టదు. కావాలంటే ఇంగ్లండులోని యార్మత్ రేవులో సముద్రపు కాకుల్ని అడగండి.

ఆ ఊళ్లో ఒక మేడ మీది వాటాలో దుల్సే, అడిల్సన్ కాపురం ఉండేవారు. ఆమెది పోర్చుగల్, అతనిది ఆఫ్రికా పక్కన కేప్ వెర్డే దీవుల్లో ఒకటి. ఇద్దరిదీ కోళ్ల ఫ్యాక్టరీలో పని.

పెళ్లి మాటెత్తితే, "కలిసే ఉన్నాంగా, ఇంకేం కావాలి?" అనేది దుల్సే.

కింది వాటాలో లార్టర్ ముసలాయన. పైన అడుగు గట్టిగా పడితే చాలు, చీపురుకర్రతో కప్పును పొడిచేవాడు.

"ఏమమ్మాయ్, పైన ఏనుగుల్ని పెంచుతున్నారా?"

"ఒక్కటే తాతా. ఇదిగో, నా పక్కనే ఉంది."

అడిల్సన్ నవ్వేవాడు. ముసలాయన నవ్వేవాడు కాదు. పురపాలక సంఘం ఇచ్చిన చప్పుళ్ల పుస్తకం తీసి తేదీ, వేళ వేసి రాసుకునేవాడు. పక్కవాళ్ల గోల మీద ఫిర్యాదుకు అక్కడ అదే పద్ధతి.

ఇంతలో బ్రిటన్ యూరప్‌తో తెగతెంపులు చేసుకుంది. యూరప్ మనిషి గనక దుల్సేకు ఉండే హక్కు దక్కింది; ఆమెతో కాపురం ఉన్నవాడిగా అడిల్సన్ గడువులోపలే నివాసపత్రానికి అర్జీ పెట్టాడు.

"2020 ఆఖరుకి రెండేళ్లు కలిసి ఉన్నట్టు రుజువేదీ?" అని అధికారులు తోసేశారు.

ఇంటి కాగితం, కరెంటు బిల్లు, అన్నీ దుల్సే పేరు మీదే. అప్పీలు చేశారు.

మూడేళ్లు. పని చేయనివ్వరు. గడప దాటి దేశం విడిస్తే తిరిగి రానివ్వరు. దీవిలో తల్లి పోతే అడిల్సన్ ఫోన్లోనే దండం పెట్టుకున్నాడు.

విచారణ రోజు కోర్టు వరండాలో లార్టర్! ఇస్త్రీ కోటు, టై, చంకలో ఆ పుస్తకం.

"మన కోర్టు ఉత్తరం కింద గుమ్మంలో పడితే చదివేశాడన్నమాట," అంది దుల్సే. "ఇక్కడికీ దాపురించాడు, చాడీలు చెప్పడానికి!"

"అమ్మాయ్, లోపల నేనొక్క మాట..."

"నీకో దండం తాతా! కర్ర పెట్టి పొడిచింది చాల్లేదా? పో ఇక్కణ్నుంచి!"

ముసలాయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"మీరు ఒకే ఇంట్లో ఉండగా చూసినవాళ్లెవరైనా వచ్చారా?" అడిగారు జడ్జి.

"ఎవరూ లేరండీ," అంది దుల్సే.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. అప్పీలు కొట్టేశారు.

ఆ సాయంత్రమే లార్టర్ మేనకోడలు తలుపు తట్టింది. "మామయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఇది మీకివ్వమన్నాడు."

దుల్సే పుస్తకం తెరిచింది.

'2018 అక్టోబరు 9. ఉదయం 5.10. రెండు జతల బూట్లు మెట్లు దిగాయి.'

'2019 మార్చి 3. స్నానాలగదిలో కుర్రాడి పాట. శ్రుతి లేదు. పిల్ల నవ్వు.'

రెండేళ్లు దాటి, ఒక్క వారమూ వదలకుండా. చివరి పేజీలో జడ్జి గారికి: 'వీళ్లిద్దరూ నా నెత్తి మీదే కాపురం చేశారు. ప్రమాణం చేసి చెబుతాను.'

లాయరుకు ఫోన్ చేసింది.

"ఇది ఆ రోజు ఉండాల్సింది దుల్సే. ఇప్పుడు తలుపు మూసేశారు."

ఆసుపత్రికి పరుగెత్తింది. ముసలాయన కళ్లు తెరిచి, "ఏనుగు ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు.

సముద్రపు కాకులు ఎలాగూ నన్ను పట్టిస్తాయి గనక ఒప్పేసుకుంటాను. ఆ పలకరింపు నేను కల్పించింది. ఆమె వెళ్లేసరికే మంచం మీద దుప్పటి మార్చేశారు.